మంచం దగ్గరికి వెళ్ళిన ఊరు



మంచాన పడ్డ ముసలివాళ్ళను ఎవరు చూడాలి అని అడిగితే మన దగ్గర అందరూ తడుముకోకుండా చెప్పే జవాబు, ఇంట్లోవాళ్ళు అని. ఇంట్లోవాళ్ళంటే ఎవరో మాత్రం విప్పి చెప్పరు. విప్పితే అందులోంచి ఒక కోడలో, ఒక కూతురో, తనకే మోకాళ్ళ నొప్పులున్న భార్యో బయటికొస్తుంది. వాళ్ళ చేత కాకపోతే ఆసుపత్రి. ఆసుపత్రివాళ్ళు ఇక మేం చెయ్యగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అంటే మళ్ళీ ఆ కోడలే. డబ్బున్నవాళ్ళు ఏజెన్సీకి ఫోన్ చేసి మనిషిని పెట్టుకుంటారు. ఇంకో ఏర్పాటు కూడా సాధ్యమేనని, ఏ ఊరికా ఊరు తన మంచాన పడ్డవాళ్ళ లెక్క తానే పెట్టుకోవచ్చునని కేరళలో ముప్పయ్యేళ్ళకు పైగా నడుస్తున్న ఒక సేవ చూపిస్తోంది. పాలియేటివ్ కేర్ అంటారు దాన్ని. జబ్బు నయం కావడం కుదరనప్పుడు నొప్పిని, ఆయాసాన్ని, పుండ్లను, దిగులును తగ్గించే వైద్యం అది. కేన్సర్ రోగుల కోసం మొదలై ఇవాళ ఎక్కువగా వృద్ధుల ఇళ్ళకు వెళ్తున్న ఆ సేవ ఎలా పుట్టిందో, దేని మీద నిలబడిందో ఈ పూట చెప్పుకుందాం.

కథ కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో మొదలవుతుంది. అక్కడ మత్తుమందు విభాగంలో పెద్ద డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్. ఆపరేషన్ గదిలో మత్తిచ్చే డాక్టర్లకు ఒంట్లో ఏ నరం ఎటు పోతుందో బాగా తెలుస్తుంది. ఎక్కడ సూది వేస్తే ఎక్కడి నొప్పి ఆగుతుందో తెలుస్తుంది. ఆ విద్యతోనే ఆయన కేన్సర్ నొప్పులకు ఇంజెక్షన్లు చేసేవారు. ఒకసారి కేన్సర్ నొప్పితో అల్లాడుతున్న ఒక కాలేజీ అధ్యాపకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. ఇంజెక్షన్ పనిచేసింది, నొప్పి ఆగింది. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు అని అడిగాడాయన. ఇక రానక్కర్లేదని చెప్పారు డాక్టరు, పని చక్కగా అయిందన్న ఉత్సాహంలో. తన జబ్బు నయమయ్యేది కాదన్న సంగతి ఆ మనిషికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆ రాత్రే ఆయన ప్రాణం తీసుకున్నాడు. నరాన్ని చూశాను గాని మనిషిని చూడలేదని రాజగోపాల్ తర్వాత ఎన్నో చోట్ల దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

1993లో రాజగోపాల్, ఆయన తోటి డాక్టరు కె. సురేశ్ కుమార్, అశోక్ కుమార్ అనే మిత్రుడు కలిసి కోజికోడ్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. ఈ ముగ్గురిలో అశోక్ కుమార్ డాక్టరు కాదు. తర్వాత జరిగినదంతా చూస్తే, మొదటి రోజు నుంచే డాక్టరు కాని మనిషి ఒకరు ఆ బల్ల దగ్గర కూచుని ఉండటం చిన్న విషయమేమీ కాదనిపిస్తుంది. గిల్లీ బర్న్ అనే బ్రిటిష్ నర్సు అప్పట్లో భారతదేశంలో తిరుగుతూ కేన్సర్ నొప్పి గురించి డాక్టర్లకు, నర్సులకు చెబుతుండేది. ఆమె వల్ల వీళ్ళకు ఆక్స్‌ఫర్డ్‌తో పరిచయం కలిగింది. అక్కడి డాక్టర్ రాబర్ట్ ట్వైక్రాస్ ఈ వైద్యంలో ప్రపంచానికి పాఠం చెప్పిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నారు, ఆయన్ను కేరళకూ రప్పించుకున్నారు.

ఇక్కడొక మలుపు ఉంది. ఆ కాలానికి ఈ సేవ అంటే అందరికీ తెలిసిన రూపం ఒక భవనం. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ కట్టించింది. దాని వెలుగులోనే 1986లో ముంబయి బాంద్రాలో శాంతి అవేదన సదన్ వచ్చింది. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకు ప్రశాంతమైన గది, శుభ్రమైన మంచం, పక్కన నర్సు. గొప్ప పని. అయితే ఇరవై మంచాలుంటే ఇరవై మందికి. కోజికోడ్‌కు మాత్రం మలప్పురం కొండ దిగువ ఊళ్ళ నుంచి, వయనాడ్ ఘాట్ల మీది నుంచి రోగులు బస్సులెక్కి వచ్చేవాళ్ళు. నాలుగు మాత్రల కోసం రోజంతా ప్రయాణం, తోడుకి ఇంకొకరి కూలి నష్టం. కొన్నాళ్ళు వచ్చి మానేసేవాళ్ళు. నొప్పి తగ్గి మానేశారా, కదలలేక మానేశారా? వెళ్ళి చూస్తే తప్ప తెలియదు. వెళ్ళి చూస్తే, అందరూ ఊహించినట్టుగానే, చాలామంది కదలలేక మానేశారు.

1990ల నడుమ నుంచి మలప్పురం జిల్లాలో మంజేరి, నిలంబూర్ లాంటి పట్నాల్లో స్థానికులు చిన్న చిన్న కేంద్రాలు తెరిచారు. వీళ్ళలో బడి పంతుళ్ళు, దుకాణదారులు, రిటైరైన ఉద్యోగులు, ఆటో డ్రైవర్లు, గృహిణులు ఉన్నారు. కోజికోడ్ నుంచి డాక్టరు వారానికోసారి వచ్చేవారు. తక్కిన రోజుల్లో ఈ మనుషులే రోగుల ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. అప్పుడు ఒక్కొక్క ఇంట్లో కనబడినవి వైద్య పుస్తకంలో లేనివి. కేన్సర్ అంటువ్యాధి అనుకుని రోగికి వేరే కంచం పెట్టిన ఇల్లు. నెల నుంచి వంటింట్లో బియ్యం లేని ఇల్లు. నాన్నకు జబ్బు చేశాక బడి మానేసిన ఆడపిల్ల. రాత్రుళ్ళు నిద్ర లేక మంచం కోడుకి తల ఆనించి కూచున్న భార్య. వీటిలో ఏదీ డాక్టరు రాసిచ్చే చీటీతో తీరేది కాదు. సురేశ్ కుమార్ ఆలోచన ఇక్కడే గట్టిపడింది. నయం కాని జబ్బుతో మంచాన పడటం ప్రధానంగా సంఘానికి సంబంధించిన కష్టమని, వైద్యం అందులో ఒక భాగమేనని ఆయన వాదన. అలాంటప్పుడు దాని పెత్తనం డాక్టరు చేతిలో ఎందుకుండాలి?

1990ల చివర, 2000ల తొలి సంవత్సరాల్లో మలప్పురం, కోజికోడ్, వయనాడ్, త్రిసూర్ జిల్లాల కేంద్రాలన్నీ కలిసి నైబర్‌హుడ్ నెట్‌వర్క్ ఇన్ పాలియేటివ్ కేర్‌గా ఏర్పడ్డాయి. పేరు పెద్దది గాని పద్ధతి తేలిక. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలవారు ఎవరైనా రావచ్చు. పదహారు గంటల పాఠం ఉంటుంది. ఆ తర్వాత అనుభవం ఉన్న బృందంతో కలిసి ఇళ్ళకు తిరగాలి. పాఠంలో మంచంలోని మనిషిని నొప్పి లేకుండా ఎలా పక్కకు తిప్పాలి, పుండు ఎలా కడగాలి వంటివి ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ సేపు చెప్పేది ఎలా మాట్లాడాలన్నది. ఇంకా చెప్పాలంటే ఎప్పుడు ఊరుకోవాలన్నది. అంతా బాగైపోతుందిలే అని అబద్ధపు ధైర్యం చెప్పకూడదు, దేవుడు చూస్తాడులే అని మాట తప్పించకూడదు. మన పరామర్శలు చాలావరకు ఈ రెండు మాటలతోనే నడుస్తాయి కనక, ఆ పదహారు గంటలూ మనకీ అవసరమేనేమో.

ఇంటికి వెళ్ళిన బృందం ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే సేవ అన్న మాట వినగానే మనకు పళ్ళు పంచే ఫోటో గుర్తొస్తుంది.

వాహనంలో డ్రైవరు, నర్సు, ఒకరిద్దరు వాలంటీర్లు ఉంటారు. అందరి ఇళ్ళకూ డాక్టరు రాడు, అవసరమైన ఇళ్ళకే వస్తాడు. నర్సు మంచం పక్కన కూచుని అడుగుతుంది: నిద్ర పట్టిందా, నొప్పి ఎక్కడుంది, ఏం తిన్నారు, విరేచనం అయి ఎన్ని రోజులైంది. చివరి ప్రశ్న వినడానికి మోటుగా ఉంటుంది. కాని మంచం మీదే ఉండే పెద్దవాళ్ళకు సగం యాతన అక్కడే. కడుపు బిగిసిపోతే అన్నం సహించదు, చిరాకు పెరుగుతుంది, ఒక్కోసారి మాట కూడా తడబడుతుంది. ఇంట్లోవాళ్ళు అది వయసు వల్లే అనుకుంటారు. నర్సు చేతి తొడుగు వేసుకుని పావుగంటలో ఆ బాధ తీర్చేస్తుంది. మూత్రం గొట్టం ఉన్నవాళ్ళకు గడువు ప్రకారం గొట్టం మారుస్తుంది. మార్చకపోతే చీము, జ్వరం. ముక్కు గొట్టం ద్వారా గంజి, పాలు ఎలా పొయ్యాలో, పోసేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉండాలో ఇంట్లోవాళ్ళ చేత చేయించి చూస్తుంది.

ఇక పుండ్లు. పక్షవాతం వచ్చో, తుంటి ఎముక విరిగో కదలలేని మనిషిని రెండేసి గంటలకు ఒకసారి పక్కకు ఒత్తిగిల్లేట్టు చెయ్యాలి. లేకపోతే నడుం కింద, పిరుదుల దగ్గర, మడమల దగ్గర ఎముక ఒత్తుకునే చోట చర్మం ఎర్రబడి, నల్లబడి, చూస్తుండగానే గొయ్యిలా పుండు పడుతుంది. గాలి పరుపు వాళ్ళే అరువిస్తారు. అవసరం తీరాక అది ఇంకో ఇంటికి వెళ్తుంది. ముదిరిన పుండుకి, కేన్సర్ పుండుకి దుర్వాసన ఉంటుంది. ఆ వాసన వల్లే ఇంట్లో మనవలు గదిలోకి రావడం మానేస్తారు, చుట్టాలు గుమ్మంలోంచే పలకరించి వెళ్తారు. మెట్రోనిడజోల్ అని కడుపు జబ్బులకు వాడే చవక మాత్ర ఒకటుంది. దాన్ని మెత్తగా పొడి చేసి కడిగిన పుండు మీద చల్లితే కొద్ది రోజుల్లో వాసన తగ్గిపోతుంది. పుండు మానకపోవచ్చు. మనవలు మాత్రం మళ్ళీ గదిలోకి వస్తారు.

నర్సు ఈ పనిలో ఉండగా వాలంటీరు చాలాసార్లు వంటింటి వైపు వెళ్తుంది. అక్కడ కోడలు టీ పెడుతుంటుంది. మీరెలా ఉన్నారమ్మా అని అడుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ముసలాయన ఎలా ఉన్నారనే అడిగారు. ఈ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు. అక్కడ మొదలయ్యే మాటల్లో ఇంటి అప్పు, మగడి తాగుడు, నడుం నొప్పి, తీరని కోపం, ఆ కోపం వచ్చినందుకు సిగ్గు, అన్నీ బయటికొస్తాయి. వాటిలో కొన్నింటికి ఊళ్ళో ఏదో దారి దొరుకుతుంది. ఇంటికి నెలకు సరిపడా బియ్యం, పప్పు మూట. పిల్లల బడి ఖర్చు. వెన్నుపూస దెబ్బతిని నడవలేని వాళ్ళకు గొడుగులు కుట్టడం లాంటి పని, ఆ గొడుగులు అమ్మిపెట్టే బాధ్యత.

మరి డబ్బు? తొలి సంవత్సరాల్లో ఈ కేంద్రాల ఖర్చులో అధిక భాగం ఆ ఊళ్ళలోనే పోగైంది. నెలకు పది రూపాయలిచ్చేవాళ్ళు వందల మంది. దుకాణాల గల్లాపెట్టె పక్కన ఒక డబ్బా. ప్రైవేటు బస్సు యజమానులు కొందరు ఒక రోజు వసూలంతా ఇచ్చేస్తారు. మసీదుల్లో జకాత్, చర్చిల్లో కానుక, గుళ్ళలో విరాళం. మన పల్లెల్లో పెళ్ళి చదివింపులు రాసే పుస్తకంలా ఎవరెంత ఇచ్చారో రాసిపెడతారు, లెక్క అందరికీ తెలిసేట్టు చెబుతారు. జనవరి 15ను కేరళలో పాలియేటివ్ కేర్ దినంగా జరుపుతారు. ఆ రోజు కాలేజీ పిల్లలు డబ్బాలు పట్టుకుని బస్టాండ్లలో తిరుగుతారు. ఇక గల్ఫ్ డబ్బు. మలప్పురంలో గల్ఫ్ మనిషి లేని వీధి అరుదు. దుబాయ్‌లో, దమ్మామ్‌లో ఉన్న కొడుకు ఇంటికొచ్చి తండ్రి మూత్రం గొట్టం మార్చలేడు. ఆ పని చేసే ఊరి కేంద్రానికి డబ్బు పంపగలడు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప శ్రోతలకు ఈ సంగతి ఎక్కువ వివరించక్కర్లేదు.

ఇదంతా మలయాళీల మంచితనం అని సరిపెట్టుకుంటే మన పని సులువవుతుంది. మంచితనం అన్ని చోట్లా ఉంది. కేరళలో దానికి తోడు పడ్డవి వేరే ఉన్నాయి. 1991 ఏప్రిల్‌లో సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించడానికి ముందు రెండేళ్ళు లక్షల మంది వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ చేత అక్షరాలు దిద్దించారు. ఊరి పని కోసం పొరుగువాళ్ళ గుమ్మమెక్కే అలవాటు అక్కడ అప్పటికే ఉంది. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం వచ్చింది. రాష్ట్ర ప్రణాళిక డబ్బులో 35 నుంచి 40 శాతం పంచాయతీలకు, మునిసిపాలిటీలకు ఇచ్చేశారు. ఏం చెయ్యాలో గ్రామసభల్లో తేల్చుకొమ్మన్నారు. 1998లో మలప్పురంలోనే కుటుంబశ్రీ మొదలైంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళ చిన్న బృందాలు, అయల్కూట్టాలు, రాష్ట్రమంతా పుట్టాయి. ఏ ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారో ఆ బృందానికి తెలియకుండా ఉండదు. కోజికోడ్ డాక్టర్లు నాటిన విత్తనం పడింది ఇలా దున్ని ఉంచిన నేలలో.

2008 ఏప్రిల్‌లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది. మన దేశంలో అలాంటి విధానం చేసిన మొదటి రాష్ట్రం అదే. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ డబ్బు, పంచాయతీల ప్రణాళిక డబ్బు కలిపి ప్రతి పంచాయతీలో ఇంటికెళ్ళే నర్సును పెట్టే ఏర్పాటు మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఆ నర్సు, ఆశా కార్యకర్త, వార్డు సభ్యుడు వెళ్తారు. వాళ్ళకు చాతకానివి తాలూకా ఆసుపత్రికి, అక్కడా కానివి జిల్లా ఆసుపత్రికో మెడికల్ కాలేజీకో వెళ్తాయి. కొన్నేళ్ళలోనే ఈ అల్లిక దాదాపు రాష్ట్రమంతా పరుచుకుంది. 2022లో లాన్సెట్ పత్రిక వేసిన మరణం విలువ మీది కమిషన్, ప్రపంచం నేర్చుకోదగ్గ ఉదాహరణగా కేరళనే చూపించింది. రాజగోపాల్ 2003లో తిరువనంతపురంలో పాలియమ్ ఇండియా పెట్టి ఈ పని వేరే రాష్ట్రాలకు తీసుకెళ్ళారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. కోజికోడ్‌లో సురేశ్ కుమార్ చేతుల మీదుగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలియేటివ్ మెడిసిన్ నిలబడింది.

కేన్సర్ సేవ వృద్ధుల సేవగా ఎప్పుడు మారింది అంటే తేదీ చెప్పలేం. గుమ్మం తట్టినప్పుడల్లా కేన్సర్ రోగి ఒకరుంటే, పక్షవాతంతో, మతిమరుపు జబ్బుతో, విరిగిన తుంటితో, లేదా ఉత్త వయసు బలహీనతతో మంచం దిగని పెద్దలు ముగ్గురు నలుగురు కనబడుతూ వచ్చారు. వాళ్ళకు జబ్బు సర్టిఫికెట్టు లేదని వెనక్కి తిరిగే వాలంటీరు ఉండదు కదా. కేరళ జనాభాలో అరవై దాటినవాళ్ళు 2011 జనాభా లెక్కల్లో 12.6 శాతం. 2021కి వేసిన అంచనాల్లో 16.5 శాతం, దేశంలో అందరికన్నా ఎక్కువ. అదే అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ 12.4. అంటే కేరళ ఈ విధానం తెచ్చిన నాళ్ళలో ఎక్కడుందో మనం ఇప్పుడు అక్కడున్నాం.

ఒక్క సంగతి దారి తప్పి చెబుతాను, ఎందుకంటే అది లేకుండా ఈ చరిత్ర సగమే. మార్ఫిన్. తీవ్రమైన కేన్సర్ నొప్పికి నోట్లో వేసుకునే మార్ఫిన్ మాత్రను మించిన చవక మందు లేదు. ఆ మందుకు మూలం నల్లమందు. దాన్ని చట్టబద్ధంగా పండించే దేశాల్లో మనది పెద్దది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండుతుంది, నీమచ్, గాజీపూర్ కర్మాగారాల్లో శుద్ధి అవుతుంది, పై దేశాల నొప్పి తీర్చడానికి ఓడలెక్కుతుంది. ఇక్కడి రోగికి మాత్రం దొరికేది కాదు. 1985లో వచ్చిన మత్తు పదార్థాల చట్టం దొంగ వ్యాపారాన్ని ఆపాలని చేసిందే. అయితే ఒక్క సీసా కోసం ఆసుపత్రులు నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవలసి వచ్చింది. కాగితంలో చిన్న పొరపాటుకీ జైలు భయం. మందుల షాపులు, ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. 1997 నాటికి ఇంత పెద్ద దేశం ఏడాదికి వాడింది 18 కిలోలు. మార్ఫిన్ ఇళ్ళకు పంపితే దారి మళ్ళుతుందన్న భయానికి కోజికోడ్ క్లినిక్కే జవాబు చెప్పింది. రెండేళ్ళలో 1,723 మంది రోగులకు ఇంటికి ఇచ్చిన మార్ఫిన్‌లో దుర్వినియోగం ఒక్కటీ కనబడలేదని రాజగోపాల్, ఆయన సహచరులు 2001లో లాన్సెట్‌లో రాశారు. చట్టం మారడానికి మరో పదమూడేళ్ళు పట్టింది. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ సవరణ ఆమోదించింది. సరిగ్గా అదే వారం ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు కూడా నడుస్తోంది. ఆ అరుపులు, తలుపులు మూయడాల గోలలో మనలో ఎవరమూ ఈ మార్ఫిన్ బిల్లు సంగతి గమనించలేదు. దాని ప్రకారం రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటుంటే ఆసుపత్రి మార్ఫిన్ ఉంచుకోవచ్చు.

ఇప్పుడు ఈ కథలో గుచ్చుకునే ముళ్ళు. పంచాయతీ నర్సులు చాలావరకు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళే. ఒక్కో నర్సు మీద పడే ఇళ్ళు ఎక్కువైతే నెలకోసారి వెళ్ళి బీపీ చూసి, గొట్టం మార్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని వచ్చేయడమే అవుతుంది. చెయ్యి పట్టుకుని కూచునే తీరిక ఉండదు. వాలంటీర్ల సేవలో ఉన్న వెచ్చదనం ప్రభుత్వ రిజిస్టరులోకి రాదు. ప్రభుత్వం దగ్గర ఉన్న కచ్చితత్వం వాలంటీర్ల దగ్గర ఉండదు. కొన్ని ఊళ్ళలో వాలంటీర్లకే అరవై దాటాయి. రాజకీయ పార్టీలు సొంత పాలియేటివ్ సంఘాలు పెట్టి పోటీ పడుతుంటాయి. రెండు పార్టీల అంబులెన్సులు ఒకే వీధిలో తిరగడం అక్కడ వింత కాదు. నాకైతే ఈ పోటీ మరీ అంత చెడ్డదనిపించదు. మన దగ్గర పార్టీలు దేని మీద పోటీ పడుతున్నాయో తలుచుకుంటే ముసలివాళ్ళ పుండ్లు కడగడం మీద పడితే పడనీ అనిపిస్తుంది.

అన్నిటికన్నా లోతైన ముల్లు ఇంట్లోనే ఉంది. బృందం వచ్చేది నెలలో ఒకటి రెండు సార్లు, గంటో రెండు గంటలో. తక్కిన వందల గంటలు ఆ కోడలివే. కేరళ సేవ ఆమెకు తోడు నిలిచింది, ఆమె పని ఎవరికీ పంచలేదు. ఆమె ఊరు విడిచి ఉద్యోగానికి వెళ్తే ఏమవుతుందన్న ప్రశ్నకు అక్కడా పూర్తి జవాబు లేదు. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్ళు అక్కడ ఏటికేడు పెరుగుతున్నాయి. పట్నాల్లో అరవై అయిదు దాటినవారికి వయోమిత్రం పేరిట సంచార వైద్యశాలలు మందులిస్తాయి గాని, రాత్రి రెండింటికి దాహమేస్తే నీళ్ళిచ్చే చెయ్యి వేరు.

ఇక మన వైపు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. డాక్టర్ గాయత్రీ పాలాట్ దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యురాలు. తెలంగాణ ప్రభుత్వం ఆలన అనే పేరుతో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, వాహనంలో నర్సును ఇళ్ళకు పంపే పని చేస్తోంది. ఆలన కేంద్రం మీ జిల్లాలో ఎక్కడుందో ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళున్న శ్రోతలు ఆ మాట ఒకసారి అడిగి చూడండి. వాహనం, నర్సు ఉన్నాయి. ఊరివైపు నుంచి కదలిక ఇంకా చాలా పలచన. కేరళ పద్ధతిని మన అధికారులు వెళ్ళి చూసొచ్చినప్పుడు సాధారణంగా వాలంటీర్ల ఫోటోలు తెస్తారు, పంచాయతీ బడ్జెట్టు పుస్తకం తీసుకురారు. పుస్తకమే ముఖ్యం. తన డబ్బు తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోలేని పంచాయతీ నర్సుకు జీతమివ్వలేదు, జీతం లేని నర్సు వెనక వాలంటీర్లు రెండు నెలలు తిరిగి ఆగిపోతారు.

మిగతావాటిలో మనం మరీ వెనకబడి లేం. పొదుపు సంఘాలు కుటుంబశ్రీ కన్నా ముందే మన ఊళ్ళలో పుట్టాయి. ఆశా కార్యకర్త ప్రతి ఊళ్ళోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో పింఛను ఇంటి గుమ్మం దగ్గరికే వస్తుంది. 2024 నుంచి పక్షవాతం లాంటి వాటివల్ల మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. అందులోకి రాని పెద్దవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు, నిజమే. అయినా ఆ పింఛను ఇవ్వాలంటే ముందు ఏ ఊళ్ళో, ఏ వీధిలో, ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో పేరూ వయసూ రాసుకోవాలి. రాసుకున్నారు. ఆ జాబితా సచివాలయాల్లో ఉంది. 1990లలో మలప్పురం వాలంటీర్లు కాలినడకన ఇల్లిల్లూ తిరిగి మొట్టమొదట తయారుచేసుకున్నది అలాంటి జాబితానే. వాళ్ళు దాన్ని నర్సు చేతికిచ్చారు.